బీపీ మాత్ర మొదలెట్టించారు సరే, ఆగకుండా చూసేదెవరు?

ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి, టెన్షన్ పడకండి అని పేపర్లో, యూట్యూబ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చెప్తూనే ఉన్నారు. అన్నీ నిజాలే, కాదనట్లేదు. కానీ మన గోదావరి జిల్లాల్లో కాలూ చెయ్యీ పడిపోయి మంచం పట్టినవాళ్ళ ఇంటికెళ్ళి, బీపీ ఉన్నట్టు ముందు తెలీదా అని అడిగి చూడండి. తెలుసండి అనే ఇళ్ళు చాలానే ఉంటాయి. డాక్టరు గారు మాత్ర కూడా రాశారండి, కొన్నాళ్ళు వేసుకుని ఆపేశారండి అంటారు. నా బాధంతా ఆ ‘ఆపేశారండి’ దగ్గరే. బీపీ చూడ్డానికి ఇప్పుడు క్యాంపులున్నాయి, ఆశా వర్కర్లున్నారు, ఇంటింటికీ మిషన్లొచ్చాయి. మొదలెట్టిన మాత్రని ఏళ్ళ తరబడి ఆగకుండా నడిపించడం మాత్రం ఇది నా పని అని ఎవరూ అనుకోవట్లేదు.

ఈ ముప్పు మనకి నిన్న మొన్న తెలిసింది కాదు. 2003-04లోనే ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు, లక్షా ఎనభై వేల జనాభా తీసుకుని ఎవరు ఎందుకు చనిపోతున్నారో ఇంటింటికీ తిరిగి ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. చావుల్లో 32 శాతం గుండెజబ్బులు, పక్షవాతం లాంటి వాటివల్లే అని తేలింది, అంటురోగాలు 12 శాతమే. తర్వాత కొన్నేళ్ళకి పశ్చిమ గోదావరిలోనే 18 పీహెచ్‌సీల కింద 54 ఊళ్ళలో ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్‌లిచ్చి, నలభై దాటినవాళ్ళలో రిస్కు ఎవరికెక్కువుందో లెక్కగట్టించి డాక్టర్ల దగ్గరికి పంపే పద్ధతి పెట్టి చూశారు. 2019లో ఫలితాలొచ్చాయి. రిస్కు ఎక్కువున్నవాళ్ళలో ఆ పద్ధతి పెట్టాక బీపీ అదుపులో ఉన్నవాళ్ళు 41 శాతం, పెట్టని రోజుల్లో 39. అంటే తేడా లేనట్టే. కనిపెట్టడం ఒక్కటీ బాగుపడితే చాలదని మన జిల్లాలోనే రుజువైపోయింది, అయినా మనం మళ్ళీ స్క్రీనింగ్ స్క్రీనింగ్ అనే అంటున్నాం.

సాయంత్రం పూట సెంటర్లో మెడికల్ షాపు దగ్గర కాసేపు నించుంటే అసలు కథ కనిపిస్తుంది. మొన్నొక పెద్దావిడ చెంగు ముడి విప్పి చిన్న స్ట్రిప్పు ముక్క తీసింది. కత్తెరతో కోసిన ముక్క, పేరు సగం పోయి ‘పిన్ 5’ అన్నంతే మిగిలింది. ‘ఇయ్యే ఓ పదియ్యండి బాబూ’ అంది. రోజూ వేసుకుంటున్నారామ్మా అని షాపతను అడిగితే, ‘రోజూ ఎందుకండి, తల తిరిగినప్పుడు ఏసుకుంటానండి, మొన్న క్యాంపులో చూసి నార్మలేనన్నారండి’ అంది. ఆవిడ తప్పేం లేదందులో. ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చిన నార్మల్ అని ఆవిడకి ఒక్కళ్ళు కూడా కూర్చోబెట్టి చెప్పలేదు.

వరద రాలేదని ఏటిగట్టు తవ్వుకుంటామా? బీపీ మాత్ర దగ్గర మనం చేస్తున్నది అదే. పైగా ఇందులో ఇంకో మోసం ఉంది, ఎమ్లోడిపిన్ లాంటి మాత్ర ఆపిన మర్నాడే బీపీ పెరిగిపోదు, మందు ఒంట్లోంచి పోడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు చూపించుకుంటే బానే ఉంటుంది కాబట్టి చూశావా ఆపినా ఏం కాలేదు అనే ధైర్యం వచ్చేస్తుంది, ఆ తర్వాత మెల్లగా 150, 160, 170కి పోతున్నా తలనొప్పి కూడా రాదు చాలామందికి. తల తిరిగితేనో, మెడ నరాలు లాగితేనో బీపీ అనుకోవడం వల్లే కొంపలు మునుగుతున్నాయి. ఎటెనొలాల్ లాంటివైతే ఒక్కసారిగా ఆపడం గుండెకే ప్రమాదం. అదే బీపీలో పై అంకెని ఓ పది పాయింట్లు తగ్గించి అక్కడే నిలబెడితే పక్షవాతం ముప్పు పావు వంతు పైనే తగ్గుతుందని, లక్షల మంది మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి 2016లో లెక్క తేల్చారు. రోజుకో మాత్ర, సెంటర్లో తాగే టీ కన్నా చవక.

ఇంగ్లీషు మందు ఒకసారి మొదలెడితే జీవితాంతం అంటుకుపోద్ది, కిడ్నీలు పోతాయి, తిండి మార్చుకుంటే చాలు అనేవాళ్ళున్నారు. బీపీ కొద్దిగానే ఉండి వేరే జబ్బులు లేనివాళ్ళకి డాక్టర్లే కొన్నాళ్ళు తిండి, నడక మీద చూస్తారు, బరువు బాగా తగ్గినవాళ్ళకి డోసు తగ్గించడమూ ఉంది. కానీ కిడ్నీల్ని పాడుచేసేది అదుపు తప్పిన బీపీ, మాత్ర కాదు. ఎమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, నిజమే, అది చెప్తే డాక్టరు వేరే మాత్ర రాస్తారు.

తిండి దగ్గరికొస్తే రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ మాట, ఒక చిన్న చెంచాడు. మనకి ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, ఎండు మెత్తళ్ళ కూరతోనే అది దాటిపోతుంది, పైన మజ్జిగలో మళ్ళీ ఉప్పు. మానేయమంటే ఎవరూ మానరు, ముద్ద ముద్దకీ కాకుండా పూటకి ఒక బద్దతో సరిపెట్టమంటే వింటారు. చైనాలో 600 పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చి ఐదేళ్ళ దాకా చూస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, 2021లో బయటికొచ్చిన ఫలితం ఇది. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పు జోలికి పోకూడదు. ఇంతకన్నా నాకు భయం వేసేది నొప్పి ఇంజెక్షన్ల గురించి. నాట్లేసి, కలుపు తీసి నడుము, మోకాళ్ళు పట్టేసిన ఆడవాళ్ళు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికెళ్తే డైక్లోఫెనాక్ సూది, చేతిలో నాలుగు బిళ్ళలు. ఈ నొప్పి మందులు ఒంట్లో ఉప్పూ నీరూ పట్టి ఉంచి బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్ లాంటి మాత్రల పనిని దెబ్బతీస్తాయి, కిడ్నీల మీదా పడతాయి. ఆవకాయని తిట్టినంతగా దీన్ని ఎవరూ తిట్టరెందుకో!

అసలు ఇది ఒక్క బీపీ గొడవ కాదు. మనకి ప్రారంభోత్సవం మీదున్న శ్రద్ధ మెయింటెనెన్స్ మీద లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా అన్నపూర్ణ అయిందని గొప్పగా చెప్పుకుంటాం, ఆ నీళ్ళు దిగే మురుగు డ్రెయిన్లు గుర్రపుడెక్కతో పూడుకుపోతుంటే పట్టించుకోం. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర ఒక్కటే కాదు, ఈ ముంపు బాధ కూడా ఉంది. ఆరోగ్యంలోనూ ఇదే జబ్బు. నాయకుడి పుట్టినరోజుకి మెగా మెడికల్ క్యాంపు, టెంటు, ఫ్లెక్సీ, ఎండలో నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోనివ్వకుండానే చేతికి పట్టీ చుట్టి బీపీ చూడటం, పది రోజుల మాత్రలు, ఒక ఫొటో. పదకొండో రోజు ఆ మనిషి ఏం చెయ్యాలి? పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు, పీహెచ్‌సీకి వెళ్తే కూలి పోతుంది, వెళ్ళిన రోజు స్టాకు లేకపోతే ఇంక రెండోసారి వెళ్ళరు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. బీపీ అదుపులో ఉన్నవాళ్ళని మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని, రెండు మందులు కావాల్సినవాళ్ళకి ఒకే మాత్రలో కలిపి ఇస్తే మంచిదని, పద్ధతి రాసిచ్చి డాక్టరు పర్యవేక్షణ ఉంటే నర్సులు కూడా మందు నడపొచ్చని డబ్ల్యూహెచ్ఓ 2021లోనే చెప్పింది. అలాంటప్పుడు బీపీ నిలకడగా ఉన్న మనిషికి ఊళ్ళో సబ్‌సెంటర్లోనే మూడు నెలల మాత్రలు ఒకేసారి చేతిలో పెట్టొచ్చు కదా. తేదీ దాటినా రాకపోతే ఏఎన్ఎం ఫోన్ చెయ్యాలి, ఆశా ఇంటికెళ్ళాలి. కలెక్టరు మీటింగుల్లో ఇన్ని లక్షల మందికి బీపీ చూశాం అనే లెక్క ఆపి, గత మూడు నెలల్లో ఈ ఊళ్ళో మాత్ర ఎంతమంది ఆపేశారు, ఎంతమందికి 140/90 లోపు ఉంది, స్టాకు ఎన్ని రోజులు లేదు అనే మూడు అంకెలు ప్రతి సబ్‌సెంటర్ గోడ మీద రాయించాలి, గ్రామసభలో చదివించాలి.