పచ్చ టిక్కు, ఎర్ర టిక్కీ

మార్చిలో గుంటూరు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మిరప యార్డు చుట్టూ రోడ్లన్నీ లారీలే, గాలంతా ఘాటు, తుమ్ముకుంటూనే పని. మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర తెల్లారకముందే ట్రాక్టర్లు వరస కడతాయి. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిరపకాయల బస్తాలు) తెచ్చాడు, కాటాలో ఎంత తూగాయి, ఏ ఛాంబర్‌లో ఏ లాట్ కింద పెట్టాం, రకం తేజానా 334నా, బాండు (సరుకు దాచినందుకు మేమిచ్చే రసీదు) ఎవరి పేరు మీద ఉంది, దాని మీద బ్యాంకు లోను ఉందా లేదా... అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ఆ డేటాబేస్ పోకుండా చూసుకోవడమే నా ఉద్యోగం.

మార్చి రెండో వారం, మంగళవారం పొద్దున సర్వర్‌లో డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కార్డు పోయింది. అది పోతే పోయింది, డిస్కుల్లో ఉన్నదంతా కలగాపులగం చేసి మరీ పోయింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు పెద్ద టెన్షన్ ఏమీ రాలేదు. రోజూ రాత్రి బ్యాకప్ కాపీ తీసే టేపులున్నాయి కదా! "సాయంత్రానికల్లా లేపేస్తాను సార్" అని మా ప్రొప్రయిటర్ గారికి ధీమాగా చెప్పాను. ఆఫీసులో ఇప్పటికీ ఎవరైనా టీ ఆలస్యంగా తెస్తే "సాయంత్రానికల్లా లేపేస్తాడులే" అంటున్నారు.

ఈ రోజుల్లో టేపేంటి అని నవ్వేవాళ్ళకి ఒక మాట. మాది ఎల్‌టీవో-6 డ్రైవ్, అంటే టేపు మీద రాసి చదివే యంత్రం. అరచేతిలో పట్టే ఒక్క క్యాట్రిడ్జ్‌లో 2.5 టీబీ పడుతుంది. (డబ్బా మీద మాత్రం 6.25 అని వేస్తారు, డేటా బాగా కుదించుకుపోతే అంత పడుతుందట. మా స్కాన్ కాపీలూ ఫోటోలూ ముందే కుదించినవి, అవి ఇంకేం కుదించుకుపోతాయి!) టేపు తీసి బీరువాలో పెడితే దానికి వైరస్ ఎక్కదు, ఎవడూ దూరంగా కూర్చుని చెరపలేడు. 2011 ఫిబ్రవరిలో స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్ వల్ల కొంతమంది జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోతే, గూగుల్ అంతటి సంస్థ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల్లో కంప్యూటర్లు ఎన్ని నీళ్ళలో నానాయో చూశాం. ఆ తర్వాతే మేం ఒక సెట్ టేపులు బ్రాడీపేట ఆఫీసులో, ఇంకో సెట్ ప్రొప్రయిటర్ గారి ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాం. కాబట్టి నా గొడవ టేపుతో కాదు.

గొడవంతా ఆ టేపు మీద ఏం రాయాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌తోనూ, దాని సపోర్ట్‌తోనూ. పేరు చెప్పను, అడగొద్దు.

మొదటి దెబ్బ కేటలాగ్. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో చెప్పే జాబితా అది. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎక్కడ దాచిందయ్యా అంటే, చచ్చిపోయిన ఆ సర్వర్‌లోనే. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తాళం వేసుకున్నట్టు. సరే, వేరే మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి, టేపులన్నీ ఒక్కొక్కటే చదివించి కేటలాగ్ మళ్ళీ కట్టాలి. డ్రైవ్ సెకనుకి 160 ఎంబీ చదవగలదు, ఆ లెక్కన టేపంతా చదివినా నాలుగున్నర గంటల్లోపే అయిపోవాలి. ఈ మహాతల్లి మొదటి టేపుకి పదకొండు గంటలు తీసుకుని, 71 శాతం దగ్గర ఆగిపోయింది.

సపోర్ట్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం. తర్వాత లైసెన్స్ నంబర్, తర్వాత లాగ్‌లు (సాఫ్ట్‌వేర్ తను చేసిందల్లా రాసుకునే చిట్టాలు) పంపమన్నారు. వాళ్ళ టూలే తయారుచేసిన లాగ్‌ల జిప్ ఫైలు 600 ఎంబీ వచ్చింది. వాళ్ళ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయగలిగేది 50 ఎంబీ. ముక్కలు చేసి పంపాను. డ్రైవ్ లోపల ఉండే ఫర్మ్‌వేర్ మార్చమన్నారు, మార్చాను. క్లీనింగ్ క్యాట్రిడ్జ్ పెట్టమన్నారు, పెట్టాను. "టేపే పాడైంది సార్" అన్నారు. డ్రైవ్ వాళ్ళకి చేస్తే డయాగ్నస్టిక్ నడిపి "డ్రైవూ టేపూ శుభ్రంగా ఉన్నాయి, అది సాఫ్ట్‌వేర్ సమస్య" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చేస్తే "హార్డ్‌వేర్ సమస్య". ఇద్దరి మధ్యా నేను అద్దంకి బస్టాండులో తప్పిపోయిన పిల్లాడిలా తిరిగాను. ఈలోగా రెండు రాత్రులు కోల్డ్ స్టోరేజీలోనే ఉండి మెయిల్ చూడలేదు. మూడో రోజు తీరా చూస్తే "మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసేశాం." కొత్త టికెట్, కొత్త మనిషి, మళ్ళీ లైసెన్స్ నంబర్ దగ్గర్నుంచి.

ఆరో మనిషి తెలుగు కుర్రాడు. కాసేపు "సార్ సార్" అని స్క్రిప్ట్ చదివాడు, నా గొంతులో ఏం వినపడిందో ఏమో, "అన్నా, ఒకసారి అక్టోబర్ తర్వాతి జాబ్ లాగ్‌లు తీసి స్కిప్డ్ అన్న పదం వెతుకుతారా?" అన్నాడు. రోజూ సాఫ్ట్‌వేర్ పంపే రిపోర్టులు ఇంకో కంప్యూటర్‌లో ఫోల్డర్‌లో పడుంటాయి. వెతికాను.

ప్రతి రాత్రీ, ప్రతి లాగ్‌లో, వేల లైన్ల మధ్య ఒకే ఒక్క లైను. డేటాబేస్ ఫైలు వాడకంలో ఉంది, వదిలేశాం.

దసరా సెలవుల్లో సర్వర్‌కి కొత్త విండోస్ వేశాను. తెరిచి ఉన్న డేటాబేస్‌ని కాపీ చేయడానికి ఈ సాఫ్ట్‌వేర్‌కి విడిగా డబ్బు కట్టి కొనే ఏజెంట్ ఒకటి ఉంటుంది. కొత్త విండోస్‌లో దాని లైసెన్స్ చెల్లలేదు. అప్పట్నుంచి స్కాన్ కాపీలు, పాత ఎక్సెల్ షీట్లు, ఎవరో దాచుకున్న పెళ్ళి వీడియోతో సహా అన్నీ టేపు మీదకి వెళ్ళాయి. అసలుది ఒక్కటే వెళ్ళలేదు. వాళ్ళ లెక్కలో వదిలేసిన ఫైలు ఎర్రర్ కాదట, వార్నింగ్ అట. వార్నింగ్‌కి మెయిల్ రాదు, పచ్చ టిక్కే పడుతుంది. ఐదు నెలలు రోజూ పొద్దున ఆ పచ్చ టిక్కు చూసి టీకి వెళ్ళాను.

మండే విషయం ఇంకోటి ఉంది. ఎల్‌టీవో డ్రైవ్ రాస్తూనే రాసింది రాసినట్టు వెనక ఇంకో హెడ్‌తో చదివి సరిచూసుకుంటుంది. తనకిచ్చినదాన్ని అంత జాగ్రత్తగా దాచింది పాపం. ఇవ్వాల్సినవాడు ఇవ్వకపోతే అదేం చేస్తుంది?

నా తప్పు లేదనను. ఏడాదిలో ఒక్కసారైనా ఒక్క ఫైలు రీస్టోర్ చేసి చూసుంటే నవంబర్‌లోనే బయటపడేది. చూడలేదు. కానీ ఇది నా ఒక్కడి బద్ధకం అని వదిలేద్దామంటే 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో జరిగింది గుర్తొస్తుంది. డేటాబేస్ పొరపాటున చెరిగిపోయాక వెతికితే వాళ్ళ రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్ళు మధ్యలోనే తిరస్కరణకి గురవుతున్నాయి. అంతమంది ఇంజనీర్లున్నచోటే అలా. ఫెయిలైతే గట్టిగా అరవాల్సిన సాఫ్ట్‌వేర్ గొణిగి ఊరుకుంటే, మనిషి దాన్ని పట్టుకోవాలా?

చివరికి మమ్మల్ని బయటపడేసింది గేటు రిజిస్టరు, కాటా చీటీలు, మా అకౌంటెంట్ బాబాయ్ గారు. ఆయన ప్రతి శనివారం ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్కూటర్ డిక్కీలో పెట్టుకుంటారు. "ఎందుకు బాబాయ్, టేపుంది కదా" అని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. నలుగురు కుర్రాళ్ళు పదకొండు రోజులు కూర్చుని లాట్లన్నీ మళ్ళీ టైపు చేశారు. మధ్యలో సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన బాండు పట్టుకుని వచ్చాడు, అరవై టిక్కీలు తీసుకెళ్ళాలి. మేం రిజిస్టర్లు తిరగేస్తుంటే కాసేపు చూసి, "కంప్యూటర్ పెట్టారుగా బాబూ, మళ్ళీ పుస్తకాలెందుకు?" అన్నాడు. ఏం చెప్పను?

ఆ తెలుగు కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకి ఎన్ని టికెట్లు మూశావని అడిగే ఉద్యోగంలో ఉండి కూడా లాగ్ చూడమని చెప్పిన మనిషి. మర్నాడు థాంక్స్ చెబుదామని అడిగితే వేరే టీమ్‌కి మార్చామన్నారు.

ఇప్పుడు రెన్యూవల్ కొటేషన్ వచ్చింది, పోయినసారికన్నా ఎక్కువే. ప్రొప్రయిటర్ గారు నా వైపు చూశారు. నేను ఒకే షరతు రాసి పంపాను. మీ మనిషి ఎవరైనా మా ఆఫీసుకి రండి, మా టేపే పెట్టండి, ఖాళీ మెషీన్ మీదకి మా డేటాబేస్ రీస్టోర్ చేసి మా ఎదురుగా ఒక లాట్ నంబర్ తెరిచి చూపించండి, చెక్కు అప్పుడే ఇస్తాం.

పద్దెనిమిది రోజులైంది. సేల్స్ ఆయన రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, డిస్కౌంట్ ఎంత కావాలని.