యువ పరిశోధకుల సదస్సులో సున్నాకు చోటేది?

పెద్ద శాస్త్రీయ సదస్సుకు ముందు ఒక రోజును పరిశోధక విద్యార్థులకు కేటాయించడం జీవావరణ శాస్త్రంలో పరిపాటి అయింది. ఉదయం ఒక ప్రముఖుడి ఉపన్యాసం, ఆపైన విద్యార్థుల క్లుప్త ప్రసంగాలు, మధ్యాహ్నం పోస్టర్లు, సాయంత్రం ఉత్తమ ప్రసంగానికీ ఉత్తమ పోస్టరుకూ బహుమతులు అన్న క్రమం ఈ రంగంతో పరిచయం ఉన్నవారందరికీ తెలిసిందే. అలాంటి రోజు ఉండి తీరాలన్న విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే దాన్ని పెద్దల సదస్సుకు చిన్న నకలుగా నడపడం తప్పనీ, బహుమతులను ఎత్తివేసి, కనీసం సగం రోజును ఫలితం చేతికి రాని పనికీ అనుకున్న దారిలో సాగని పనికీ ఇవ్వాలనీ నా వాదన.

ఈ మాట ఏ శాస్త్రానికైనా కొంతవరకు వర్తిస్తుంది. ఆశించిన ఫలితం రాని అధ్యయనాలు సొరుగుల్లోనే ఉండిపోతాయన్న చిక్కును మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ రోసెంతాల్ 1979లోనే ఎత్తి చూపారు. కానీ జీవావరణ శాస్త్రంలో ఆ నష్టానికి పరిహారం లేదు. ప్రయోగశాలలో చెడిన ప్రయోగాన్ని వచ్చే వారం మళ్లీ చేసుకోవచ్చు. దాటిపోయిన ఋతువును ఎవరూ వెనక్కి తేలేరు. ఒక విద్యార్థిని కప్పల సంతానోత్పత్తిని గమనించడానికి ఇరవై కుంటలను ఎంచుకుందనీ, వాటిలో పద్నాలుగింట ఎన్నిసార్లు వెళ్లినా ఒక్క అరుపూ వినబడలేదనీ అనుకుందాం. ప్రసంగానికి సిద్ధమయ్యేటప్పుడు ఆమె చేసే మొదటి పని ఆ పద్నాలుగింటినీ పక్కన పెట్టి, మిగిలిన ఆరింటి చుట్టూ ఒక చక్కని కథ అల్లుకోవడం. అలా చేయమని గైడు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. సాయంత్రం ఇచ్చే బహుమతే ఆ మాట చెబుతుంది.

ఆమె దాచిపెట్టిన సున్నాల, అంటే ఏమీ వినబడని ఆ నమోదుల, విలువ ఎంతో ఈ శాస్త్రానికి బాగా తెలుసు. కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కావన్న పాత ఇబ్బందికి 2002లో డారిల్ మెకంజీ, ఆయన సహచరులు గణితపరమైన దారి ఒకటి చూపించారు. ఒకే చోటికి పదేపదే వెళ్లి, ప్రతిసారీ ఆ జీవి దొరికిందో లేదో నమోదు చేయాలి. మూడుసార్లు వెళితే ఒక్కసారే దొరికిన చోట మిగిలిన రెండుసార్లూ అది ఉండి కూడా మన కంటబడలేదని, లేదా చెవిన పడలేదని అర్థం. ఇలాంటి చోట్ల నుంచి మన పట్టు ఎంత బలహీనమో లెక్కగట్టి, ఒక్కసారి కూడా దొరకని చోట్లలో ఎన్నింటిలో ఆ జీవి నిజంగా ఉండి ఉంటుందో అంచనా వేస్తారు. వారు మేరీలాండ్ చిత్తడి నేలల్లో ఒక గోదురుకప్ప జాతి మీద ఈ పద్ధతిని ప్రయోగించినప్పుడు, ఆ జాతి సుమారు మూడో వంతు చోట్లే నమోదైంది. నిజానికి దాదాపు సగం చోట్ల ఉండి ఉంటుందని అంచనా తేలింది. ఆ లెక్క మొత్తం సున్నాల మీదే నిలబడింది. వాటిని తీసేస్తే అది కూలిపోతుంది. అలాంటప్పుడు, సున్నాను సిగ్గుపడవలసిన వస్తువుగా యువ పరిశోధకులకు తొలి వేదిక మీదే నేర్పడం ఎంత పెద్ద తప్పో ఆలోచించాలి.

బహుమతి మీద నాకున్న అభ్యంతరం ఇంతటితో తీరదు. న్యాయనిర్ణేత ఎంత నిష్పక్షపాతి అయినా, పూర్తయిన పనినే, తనకు అప్పటికే తెలిసిన కొలతకు సరిపోయే పనినే మెచ్చుకుంటాడు. రేమండ్ లిండెమన్ ఉదంతాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మిన్నెసోటాలోని సీడర్ బాగ్ అనే చిన్న సరస్సును ఏళ్ల తరబడి గమనించిన ఆ యువకుడు, ఆహార శ్రేణుల గుండా శక్తి ఎలా ప్రవహిస్తుందో వివరిస్తూ ఒక పత్రం రాశాడు. ఒక్క సరస్సు ఆధారంగా ఇంత సిద్ధాంతమా అన్న ధోరణిలో సమీక్షకులిద్దరూ దాన్ని తిరస్కరించమన్నారు. అతడికి మార్గదర్శి అయిన జీవావరణ శాస్త్రవేత్త ఎవెలిన్ హచిన్సన్ పట్టుబట్టి సంపాదకుడికి రాయడం వల్లనే అది అచ్చుకు నోచుకుంది. 1942లో అది వెలువడే నాటికి లిండెమన్ లేడు. 26 ఏళ్లకే మరణించాడు. నేడు పాఠశాల పుస్తకాల్లో కూడా కనిపించే శక్తి ప్రవాహ భావనకు పునాది ఆ పత్రమే. అతడికి అప్పుడు కావలసింది మార్కులు వేసేవారు కాదు, అతడి ఆలోచనతో తలపడే తోటివారు.

బహుమతి ఉంటే విద్యార్థి శ్రద్ధగా సిద్ధమవుతాడని, ఉద్యోగ దరఖాస్తులో ఆ ఒక్క వాక్యం పనికొస్తుందని, వైఫల్యాలకు తలుపు తెరిస్తే సదస్సు గోడు వెళ్లబోసుకునే సభగా మారుతుందని కొందరు అంటారు. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోదానికి జవాబు సులభం: ఏమి అడిగారు, ఎలా కొలిచారు, ఎక్కడ తెగింది, మళ్లీ చేస్తే ఏమి మారుస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు సంఖ్యలతో జవాబు చెప్పవలసిన ప్రసంగం గోడుగా మారదు. ఆ దరఖాస్తు వాక్యం కోసం ఒక తరం పరిశోధకుల అలవాట్లను తాకట్టు పెట్టడం నాకు సమ్మతం కాదు.

అసలు ఇలాంటి సదస్సు గురించి ఆలోచించినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న వేరే ఉంది: విద్యార్థి వెళ్లిపోయాక అతడి పని ఏమవుతుంది? పీహెచ్‌డీకి మూడు నుంచి ఐదేళ్లు, గ్రాంటుకు అంతకన్నా తక్కువ. చెట్టుకు, నేలకు, సరస్సుకు ఆ గడువులు పట్టవు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో ఎండుగడ్డి దిగుబడి మీద ఎరువుల ప్రభావం తెలుసుకోవడానికి లాస్, గిల్బర్ట్ మొదలుపెట్టిన పార్క్ గ్రాస్ ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. నత్రజని పెరిగిన మడుల్లో మొక్కల జాతులు ఎలా తరిగిపోతాయో, ఆమ్లత్వం నేలను ఎలా మారుస్తుందో, పక్కపక్క మడుల్లోనే ఒకే జాతి గడ్డి ఎలా వేరువేరుగా పరిణమిస్తుందో ఆ పొలమే చూపింది. వీటిలో చాలా ప్రశ్నలు మొదలుపెట్టినవారు వేసుకున్నవి కావు. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963లో వాననీటినీ వాగునీటినీ కొలవడం మొదలైంది గనుకనే ఉత్తర అమెరికాలో ఆమ్ల వర్షం సంగతి వెలుగులోకి వచ్చింది. ఇవన్నీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ వచ్చిన పనులు. నేటి విద్యార్థి పరిశోధన మాత్రం సిద్ధాంత గ్రంథం సమర్పించిన రోజునే ఆగిపోతుంది. మడుల గుర్తులు చెరిగిపోతాయి, నోట్‌బుక్కులు అటక ఎక్కుతాయి, మరో నాలుగేళ్లకు ఇంకొకరు ఆ పక్కనే అదే పనిని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు.

విద్యార్థుల సదస్సు ఏటా జరుగుతుంది, కొత్తవారినీ ముగించి వెళ్తున్నవారినీ ఒకే గదిలోకి తెస్తుంది. ఈ రెండు గుణాలూ కలిసిన వేదిక ఈ రంగంలో మరొకటి నాకు కనిపించదు. కాబట్టి బహుమతుల కోసం ఉంచిన చివరి గంటను అప్పగింతలకు ఇవ్వాలి. ముగిస్తున్న ప్రతి ఒక్కరూ తమ స్థలాల అక్షాంశ రేఖాంశాలను, కొలత పద్ధతిని, శుద్ధి చేయని నమోదులను, ఖాళీగా మిగిలిన గడులతో సహా, కొనసాగించడానికి ముందుకొచ్చినవారికి అందరి ఎదుటా అప్పగించాలి. ఆ పద్నాలుగు కుంటల జాబితా మరొకరి నోట్‌బుక్కులోకి ఎక్కాలి. వచ్చే ఋతువు తొలి వానకే అతడు అక్కడికి వెళ్లి, ఒడ్డున నిలబడి, మళ్లీ వినాలి.