'వంద శాతం ఒరిజినల్' గారికి ఒక విన్నపం

రాజోలు దగ్గర పల్లె,
శ్రావణ మాసం, వరద రోజులు.

శ్రీయుత 'వంద శాతం ఒరిజినల్' గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి దయవల్ల కాదులెండి, మా మెకానిక్ దయవల్ల.

నేనెవరో తమరికి గుర్తుండకపోవచ్చు. పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి, ఫోన్లో సరుకులమ్మే యాప్‌లో, 1,499 రూపాయల ధరని అడ్డంగా కొట్టేసి 449 అని ఎర్రగా రాసిన చోట, తమరు రెండు మాటల ముద్రగా ఆకుపచ్చ బిళ్ల పెట్టుకుని నిలబడి ఉండగా చూసి, మనసులోనే నమస్కారం పెట్టుకుని కొన్నవాణ్ణి. మా 2014 ఆల్టోకి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు. చించినాడ వంతెన దిగుతుంటే కీచుమంటున్నాయని చూపిస్తే మా మెకానిక్, "అరిగిపోయాయండి మాస్టారూ. పాలకొల్లు నుంచి తెప్పిస్తాను, పద్నాలుగొందలవుద్దండి" అన్నాడు. "అందులో నీకెంత మిగులుద్దిరా?" అని నవ్వేసి ఇంటికొచ్చాను. ఆ నవ్వు నాకు చాలా ఖరీదైపోయింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. మేం కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి, నీళ్ల చప్పుడు విన్నాక గాని కొనం. చేపకి మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం. బెండకాయ కొస విరిచి చూస్తాం, కొట్టువాడు తిట్టినా సరే. అల్లుణ్ణి తెచ్చుకోవాలంటే మూడూళ్లు తిరిగి వాకబు చేస్తాం. అలాంటి వంశంలో పుట్టి, అరవై మీద పోతున్న బండిని ఆపాల్సిన వస్తువుని ఒక ఫొటో, తమరి పేరు చూసి కొన్నాను. అదీ మంచం మీద పడుకుని.

పార్సిలొచ్చింది. అట్టపెట్టె మీద తమరు రెండు చోట్ల దర్శనమిచ్చారు. మెరిసే బిళ్లలో మూడోసారి. తమరు తప్ప ఇంకేమీ లేదండి దాని మీద. పార్ట్ నంబరు లేదు. ఎవడు చేశాడో, ఏ ఊళ్లో చేశాడో, ఏ నెలలో చేశాడో లేదు. ఎమ్మార్పీ లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవి అచ్చెయ్యాలని చట్టమే ఉంది. మరి ఎమ్మార్పీయే లేనప్పుడు, ఫోన్లో కొట్టేసిన ఆ 1,499 ఎక్కడిది? తగ్గించడం కోసమే పెంచిన రేటన్నమాట. మూలనున్న క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపిస్తే ఏమీ తెరుచుకోలేదు. అది ముగ్గు.

మెకానిక్ ఒక ప్యాడు తీసుకుని అంచుని గోరుతో గీకాడు. రొట్టె పొడిలా రాలింది. నాలుగింట్లో రెండు మందం, రెండు పల్చన. అరిగితే కీచుమని హెచ్చరించడానికి పాతవాటికున్న చిన్న రేకు వీటికి అసలే లేదు. వెనక ఇనప పలక మీద నంబరుండాల్సిన చోట నున్నగా రంగేసి ఉంది.

"ఇవి ప్యాడ్లు కాదండి మాస్టారూ, పిడకలండి."

"వేస్తే బండి ఆగదంటావా?"

"ఆగుద్దండి, ఆగకేం. ఎక్కడాగాలో మాత్రం అదే చూసుకుంటదండి."

అంతటితో ఊరుకోక నాకు పాఠం మొదలెట్టాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాడికి చెప్పించుకోవడం ఎంత కష్టమో తమరికి తెలీదు. అయినా పులసతో పోల్చి చెప్పేసరికి బుద్ధిగా కూర్చున్నాను. సముద్రంలో ఉన్నంత కాలం అది ఇలస, వరద నీటికి గోదావరి ఎదురీదితే పులస. కార్ల కంపెనీ కూడా తన బ్రేకు ప్యాడ్లన్నీ తనే చేసుకోదు, వేరే ఫ్యాక్టరీల దగ్గర చేయించుకుంటుంది. ఆ సరుకు కారు కంపెనీ పెట్టెలోకెక్కితే పులస, ధరా పులస ధరే. అదే ఫ్యాక్టరీ సొంత పేరు పెట్టుకుని కొట్టుకి పంపితే ఇలస. తక్కువకొస్తుంది, మోసమూ లేదు. మూడోది ఇంకెక్కణ్ణుంచో ఐసు పెట్టెలో దిగి, రేవులోకొచ్చేసరికి పులసనని చెప్పుకునేది. తమరు ఎప్పుడు చూసినా ఈ మూడోదాని చంకలోనే ఉంటారేమిటండీ? పాలకొల్లు కొట్టాయన తమరి పేరు ఒక్కసారైనా ఎత్తగా నేను వినలేదు. ఆయన నంబరు చూసుకుంటాడు, పెట్టె చేతికిస్తాడు.

నంబరంటే గుర్తొచ్చింది. "ఆర్సీ తెండి" అన్నాడు మెకానిక్. అందులో ఛాసిస్ నంబరు, 17 అక్షరాలు, మాది ఎంఏ3తో మొదలవుతుంది. ఒకటీ సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరట. ఎనభై రూపాయల కొబ్బరి పీచుకి కూడా లెక్క రాసుకునే నేను, పదకొండేళ్లుగా ఆ నంబరు చదవలేదు. ఎయిట్ హండ్రెడ్ ఆల్టో వేరు, కేటెన్ ఆల్టో వేరు, ఏడాది మారితే లోపల సరుకు మారొచ్చు. ఉత్తినే 'ఆల్టో ప్యాడ్లు' అని వెతకడమంటే భీమవరం సెంటర్లో నిలబడి "రాజుగారిల్లెక్కడండీ?" అని అడిగినట్టే. ఛాసిస్ నంబరు చెబితే సరైన పార్ట్ నంబరొస్తుంది. ఆ పార్ట్ నంబరు కొట్టి వెతికితే, తమరు పిలిచినా పలకరు. పరీక్షించి చూశాను.

ఇక బిల్లు. 'ఆటో ఐటెం - 1' అని ఉంది. జీఎస్టీ నంబరు ఉండాల్సిన చోట గీత. అసలైతే అది 15 అక్షరాలుండాలి, మొదటి రెండంకెలు రాష్ట్రానివి. మన ఆంధ్రప్రదేశ్‌ది 37, ఢిల్లీది 07. జీఎస్టీ పోర్టల్లో కొడితే ఆ వ్యాపారం పేరేమిటో, ఇంకా బతికుందో లేదో చెప్పేస్తుంది. ఇదంతా డబ్బు కట్టాక తెలుసుకున్నాను, పెళ్లయ్యాక జాతకాలు చూపించినట్టు.

వాపసు కోసం కస్టమర్ కేర్ నంబరు ఇంటర్నెట్‌లో వెతికి, ముందు కనబడినదానికి చేశాను. ఎత్తినాయన ఎంత మర్యాదస్తుడండీ! మా గోదావరివాళ్లని మించిపోయాడు. ఏదో యాప్ వేసుకోమన్నాడు, 449 వచ్చేస్తుంది, యూపీఐ పిన్ కొట్టండి సార్ అన్నాడు. మా మనవరాలు ఫోన్ లాక్కుంది. "తాతయ్యా, డబ్బు రావడానికి పిన్నెందుకు? పిన్ కొడితే పోతుంది." అదే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని కూడా ఆ పిల్లే చెప్పింది. ఆ సాయంత్రం ఇంట్లో నాకు కాఫీ ఆలస్యంగా వచ్చింది.

చివరికి మనవరాలే, నేను కొన్న యాప్‌లోనే ఫిర్యాదు పెట్టింది. పార్సిల్ విప్పుతున్నప్పుడు రీల్ కోసమని అది తీసిన వీడియో ఉంది. అందులో నేను లుంగీ ఎగ్గట్టుకుని కత్తెర కోసం వెతుక్కుంటూ ఉంటాను, అయినా జతచేసింది. అవతలివాడు "ప్యాకెట్ విప్పారు కాబట్టి వాపసు కుదరదు" అన్నాడు. విప్పకుండా లోపలేముందో చూడ్డానికి నేనేమన్నా యోగినా? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ మాట రాసి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి వెళ్తామని ఒక ముక్క చేర్చాక కదలిక వచ్చింది. ఇవ్వాళ పొద్దున్న డబ్బు పడింది. కింద ఒక వాక్యం ఉంది: 'వస్తువును మీ వద్దే ఉంచుకోగలరు.'

చూశారా, తమర్ని పంపినవాడే వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

ఆన్‌లైన్ మానేశానని తమరు సంబరపడక్కర్లేదు. మ్యాట్లూ వైపర్లూ ఇప్పటికీ అక్కడే కొంటాను. మహా అయితే వాన తుడవదు. బ్రేకూ, స్టీరింగూ మాత్రం మెకానిక్ కళ్లు చూడందే బండెక్కవు. టైరైతే పక్కన నాలుగంకెలు చదువుతాను. 2321 అంటే 2021లో ఇరవై మూడో వారం పుట్టిందని. వయసు దాచలేదు పాపం. ఒకసారి విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్‌ని మడతపెట్టి అమ్మేవాళ్ల పక్కన కూడా తమరు నిలబడతారని మెకానిక్ చెప్పాడు. అది నిజమైతే తమరితో మాట్లాడ్డం అనవసరం.

పాలకొల్లు ప్యాడ్లు నిన్న వేశాడు. పెట్టె మీది నంబరూ, పలక మీది నంబరూ, బిల్లు మీది నంబరూ నా చేతే చదివించాడు, ఒకటో తరగతి పిల్లాణ్ణి చదివించినట్టు. పద్నాలుగొందలే తీసుకున్నాడు. అందులో వాడికెంత మిగిలిందో ఈసారి అడగలేదు.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు.

తా.క.: తమరు పంపిన నాలుగు పిడకలూ వృథా కాలేదు. వరద గాలికి పెరటి తలుపు టపటపా కొట్టుకుంటుంటే కింద రెండు పెట్టాం. కదలకుండా ఆపుతున్నాయండి. ఆయ్.