ఆక్టోపస్‌కి అమ్మమ్మ లేదు

మూడు రోజులుగా మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది: "మనుషులు అంతరించిపోతే భూమిని ఏలేది ఆక్టోపస్‌లే. వాటికి తొమ్మిది మెదళ్లు, ఎనిమిది చేతులు, పనిముట్లు వాడే తెలివి ఉన్నాయి. కావలసిందల్లా కాస్త టైమ్." దిల్‌సుఖ్‌నగర్ బాబాయ్ అయితే దీనికి దండం కూడా పెట్టాడు. కోప్పడకు బాబాయ్, ఒక్కొక్కటే చూద్దాం.

తొమ్మిది మెదళ్లన్నది ఉత్త గొప్ప. దాని నాడీకణాలు మొత్తం 50 కోట్ల దాకా ఉంటాయి, అందులో మూడింట రెండొంతులు చేతుల్లోనే పరుచుకుని ఉంటాయి కాబట్టి ఏ చేయి ఆ చేయి తడుముకోగలదు, అంతమాత్రాన దాన్ని ఇంకో మెదడు అనేస్తే ఎలా? మనకి 8,600 కోట్లు. పోనీ లెక్కే ముఖ్యమంటావా, ఆఫ్రికా ఏనుగుకి 25,000 కోట్ల పైనే (చాలావరకు చిన్నమెదడులోనే అనుకో), మరి అదేం ఊరు కట్టింది?

చేతులు బ్రహ్మాండమే, ఒప్పుకుంటా. చిక్కంతా నీళ్లతో. నిప్పు రాజుకోని చోట కుండ కాలదు, ఇనుము కరగదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము పెట్టి, బొగ్గుల మంట మీద కాల్చి ఉక్కు తీసేవాళ్లు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఆ కొలిమి సముద్రం అడుగున పెట్టి చూపించమను.

పనిముట్ల మాట నిజం. ఇండోనేషియాలో కొబ్బరి చిప్పలు మోసుకెళ్లి వాటిలో దాక్కునే ఆక్టోపస్‌ల గురించి 2009లో శాస్త్రవేత్తలు రాశారు, ఆ వీడియో చూసి నేనూ ముచ్చటపడ్డా. కానీ ఆ చిప్ప కిటుకు అది ఎవరికి చెబుతుంది? చాలా జాతులు ఒకటి రెండేళ్లకే పోతాయి, పసిఫిక్‌లో ఉండే పెద్ద రకం కూడా మూడు నుంచి ఐదేళ్లే. తల్లి గుడ్లు పెట్టి, తిండి మానేసి కాపలా కాసి, పిల్లలు బయటికొచ్చే వేళకి చచ్చిపోతుంది, ఇక ప్రతి పిల్లా ఓనమాల నుంచి మొదలెట్టాలి, అదీ పంతులు లేకుండా. ఆవకాయలో ఉప్పు ఎంతో మా అమ్మమ్మ అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది, నేను కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకుండా పోయింది. ఆ విషయంలో డాల్ఫిన్లే నయం: ఆస్ట్రేలియా షార్క్ బేలో ముక్కుకి స్పాంజి తొడుక్కుని వేటాడటం పిల్లలు తల్లి దగ్గర నేర్చుకుంటాయి. పాపం, వాటికి చేతుల్లేవు.

ఇక ఆ "కాస్త టైమ్". ఫ్రాన్స్‌లో దొరికిన ఆక్టోపస్ బంధువు శిలాజం 16 కోట్ల ఏళ్ల నాటిది. మనం పుట్టి మూడు లక్షల ఏళ్లు, సేద్యం మొదలెట్టి పదో పన్నెండో వేల ఏళ్లు. ఇంకెంత టైమ్ ఇమ్మంటావు బాబాయ్?