చేతిలో కట్టె ఉన్నంత మాత్రాన రౌడీలం కాదు

మొన్న మీటర్ రీడింగ్‌కని ఒక ఇంటి ముందు ఆగితే లోపలి నుంచి ఒకావిడ, "ఆ కర్ర గేటు బయట పెట్టి రా బాబూ, పిల్లలు జడుసుకుంటారు" అన్నారు. పెట్టాను. ఆవిడ మాటలో తప్పు లేదు. కానీ అదే గేటు లోపల, పూలకుండీల వెనకాల, గొలుసు లేని కుక్క పడుకుని ఉంది. దాన్ని చూసి నేను కూడా జడుసుకుంటానని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రాత్రంతా అదే మనసులో తిరిగింది. అందుకే రాస్తున్నా. పోస్ట్ పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

నేను పదకొండేళ్ళుగా కరెంటు మీటర్ల రీడింగ్ తీస్తున్నా. మాది రాయలసీమలో ఒక మోస్తరు పట్టణం. నెల మొదట్లో పొద్దున ఏడింటికి బండి తీస్తే మధ్యాహ్నం దాకా గడపలు తొక్కడమే పని. కుడిచేతిలో మిషన్, భుజాన బ్యాగు, కుక్కలు మీద పడకుండా ఎడమ మణికట్టుకు తాడుతో వేలాడే కట్టె. మా వైపు కర్ర అనం, కట్టె అంటాం. బండి నడిపేటప్పుడు పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు కోసి, హ్యాండిల్ కింద ఒకటి, వెనక సీటు దగ్గర ఒకటి బిగించి దాన్ని కట్టేస్తా. ఒక్క గుంజు గుంజితే ఊడి చేతికొస్తుంది.

మూడేళ్ళ కింద మా ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి, కంప్లైంట్ వచ్చింది, ఇక మీదట కర్రతో తిరగొద్దు అన్నాడు. సరే అన్నాను. కాంట్రాక్టు పని, ఎదురు చెప్తే ఏమవుతుందో మీకు తెలుసు. పదో రోజో పదకొండో రోజో, ఒక కొత్త కాలనీలో గేటు తీసి మెట్ల కింద ఉన్న మీటరు దగ్గర వంగి అంకెలు చూస్తుంటే వెనక నుంచి పిక్క పట్టేసింది. వీధి కుక్క కాదు. మెడకు ఎర్ర బెల్టు ఉన్న పెంపుడు కుక్క. అరవలేదు, గుర్రుమనలేదు. మొరిగే కుక్క కరవదు అంటారు కదా, మొరగని కుక్క సంగతి ఆ రోజు తెలిసింది. ఇంటాయన బయటికొచ్చి నా కాలు చూసి మొదట అన్న మాట, "మావాడు ఎవరినీ ఏమీ అనడే, ఇవాళ ఏమైందో!"

ప్యాంటు గుడ్డ చిరిగి పిక్కలోకి దిగింది. నాలుగు పళ్ళ గుర్తులు, రెండిట్లోంచి రక్తం. అక్కడే వాళ్ళ వాకిట్లో కుళాయి కింద కాలు పెట్టి, వాళ్ళమ్మాయి తెచ్చిచ్చిన బట్టల సబ్బుతో కడిగాను. పావుగంట కడగాలని తెలుసు కాబట్టి కడిగాను. పసుపు పెట్టమని ఒకరు, సున్నం రాయమని ఒకరు. అలాంటివేవీ రాయొద్దు, కట్టు కూడా గట్టిగా కట్టొద్దు. ప్రభుత్వాసుపత్రిలో రక్తం వచ్చిన గాయం కాబట్టి గాయం చుట్టూ సీరం, అంటే టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపాడే మందు, గుచ్చారు. అది నొప్పే, అబద్ధం చెప్పను. టీకా మాత్రం చేతికి వేశారు. మొదటి రోజు, 3, 7, 28 రోజుల లెక్కన నాలుగు సార్లు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయంతో ఇప్పటికీ ఆసుపత్రికి పోనివాళ్ళు మా పేటలో ఉన్నారు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 లోనే ఆగిపోయింది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. టీకా మాత్రం చిన్న సూదే.

ఆ నాలుగు సార్లూ సగం రోజు జీతం పోయింది. కుక్క ఆయనది, కాలు నాది, జీతం కూడా నాదే పోయింది. మరుసటి నెల కట్టె మళ్ళీ తీసుకున్నాను. అప్పటి నుంచి ఎవరు చెప్పినా కట్టె లేకుండా పనికి బయల్దేరలేదు.

మా నాయన గొర్రెలు కాసేవాడు. ఎండాకాలం మేత కోసం మందను తోలుకుని ఊళ్ళు దాటి పోయేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెంట పోయాను. ప్రతి ఊరి పొలిమేరలోనూ ఆ ఊరి కుక్కలు గుంపుగా ఎదురొచ్చేవి. నాయన ఒక్కసారి కూడా కట్టె పైకెత్తి విసరడం చూడలేదు. కట్టె కొస నేలకు ఆనించి, తన ముందు అడ్డంగా గీసుకుంటూ నడిచేవాడు. బర్ర్... బర్ర్... అని మట్టిలో గీత పడేది. కుక్కలు ఆ గీతకు అవతలే అరుస్తూ మాతో పాటు కొంత దూరం వచ్చి ఆగిపోయేవి. "కట్టె భుజం దాటి లేచిందంటే తప్పు నీదే" అనేవాడు. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఇన్ని వేల గడపలు తొక్కాక అర్థమైంది. కట్టె పైకెత్తితే పొట్టా కాళ్ళూ ఖాళీగా దొరికిపోతాయి. పైగా కుక్కకు అది యుద్ధం పిలుపు. కిందికి దించి ముందుకు చాపితే, దానికి మొదట అందేది కట్టె కొస. కొరికితే దాన్ని కొరుకుతుంది. కొరకనివ్వండి, లాక్కోవద్దు. ఆ లోపల మీరు వెనక్కి అడుగులు వేయొచ్చు.

కట్టె చూస్తే కుక్కలు రెచ్చిపోతాయి అనేవాళ్ళకు నా జవాబు ఇదే. ఊపితే రెచ్చిపోతాయి, నిజం. ఊపొద్దు. కళ్ళల్లోకి చూడొద్దు, పరిగెత్తొద్దు. గుంపు ఉంటే వీపుకు గోడో, ఆగి ఉన్న ఆటోనో చూసుకోండి. ఎందుకంటే ముందు నిలబడి అరిచేదాని మీదే మన కళ్ళుంటాయి, పళ్ళు దించేది వెనక నుంచి వచ్చేది. చేతిలో ఏమీ లేనివాడు చేసే పని మనందరికీ తెలిసిందే, కిందికి వంగి రాయి తీసుకున్నట్టు నటించడం. పెద్దవాళ్ళకు చెల్లుతుంది. కానీ వంగిన క్షణాన మొహం కుక్క ఎత్తుకు వస్తుంది. చిన్నపిల్లలకైతే వంగకుండానే మొహం ఆ ఎత్తులో ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు మీద కుక్కలు పడి చంపేసిన సీసీ కెమెరా వీడియో మీరంతా చూసే ఉంటారు. నేను సగంలో ఆపేశాను. మా పాపకూ అప్పుడు అదే వయసు.

ఇక కట్టె చేసే సంగతి. ఇప్పటికి నలభై దాకా చేసి ఉంటాను. మొదట నాకు, తర్వాత నాతో పనిచేసేవాళ్ళకు, తర్వాత పాలు పోసే పిల్లలకు, ఇద్దరు ఆశా అక్కలకు, వాకింగ్ చేసే పెద్దాయనలకు. డబ్బు తీసుకోను, వెదురు ఖరీదు తప్ప.

అన్నిటికన్నా మంచిది గట్టి వెదురు. లోపల బోలు దాదాపు ఉండదు, బరువు తక్కువ, విరగదు, వంగి లేస్తుంది. మేదర వీధిలో అడిగితే ఇస్తారు. బొంగు వెదురు వద్దు, ఒకసారి నేలకు కొడితే నిలువునా చీలుతుంది. చీలిన వెదురు అంచు బ్లేడే. అమావాస్య దగ్గర్లో కొట్టిన వెదురైతే పుచ్చు పట్టదని పెద్దలు అంటారు. నేను దాంతో పాటు ఇంకో పని చేస్తా. పచ్చి వెదురును మూడు వారాలు నీళ్ళ తొట్టిలో ముంచి పెడతా. లోపలి పిండిపదార్థం నీళ్ళలోకి దిగిపోతే పురుగుకు తిండి ఉండదు. నీళ్ళు వాసనొస్తాయి, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మా ఆవిడ తిట్టేది ఈ ఒక్క విషయానికే.

తర్వాత నీడలో ఆరాలి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది. ఆరాక నిప్పుల సెగ మీద కాస్త కాస్త తిప్పుతూ కాచి, ఆముదం రాసి, వంపు ఉన్నచోట మోకాలికి ఆనించి నొక్కి పడితే సాపవుతుంది. వేడి మీదే వింటుంది, చల్లారితే వినదు. ఆకురాయితో కణుపులు రాయాలి, ఆ పైన ఉప్పుకాగితం. కణుపు నునుపు కాకపోతే నెల తిరిగేసరికి అరచెయ్యి కాయలు కాస్తుంది. ఎత్తు మనిషి రొమ్ము దాకా. లావు, పట్టుకుంటే బొటనవేలూ మధ్యవేలూ కలిసేంత. పైనుంచి జానెడు కింద బెజ్జం పెట్టి తాడు. కింద కొసకు ఇనుప పొన్ను, రోకలికి వేసినట్టు. పొన్ను ఉంటే కొస చీలదు, సిమెంటు రోడ్డు మీద టక్ టక్ మని మోగుతుంది. ఆ చప్పుడు వింటే నిద్రపోయే కుక్క ముందే లేచి పక్కకు పోతుంది. మనం దాన్ని తొక్కేదీ ఉండదు, అది ఉలిక్కిపడి కరిచేదీ ఉండదు. సగం కాట్లు ఇలాంటివే అని నా అనుభవం. పెద్దవాళ్ళకు మాత్రం పొన్ను బదులు రబ్బరు బుష్ వేస్తా, టైల్స్ మీద జారకుండా.

వెదురు దొరక్కపోతే నల్లతుమ్మ. బండి చక్రాలకూ పనిముట్ల పిడులకూ వాడిన చెక్క అది, దాని గట్టితనం గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ బరువు. గంటసేపు మోస్తే మణికట్టు లాగుతుంది, ఆడవాళ్ళకు ఇవ్వను. రేగు మంచిదే, సాపుగా ఉన్న కొమ్మ దొరకడమే కష్టం. నీలగిరి చూడ్డానికి నిటారుగా ఉంటుంది, ఆరేకొద్దీ మెలి తిరిగి చీలుతుంది, నేను రెండు పాడుచేసుకుని వదిలేశాను.

ఒకతను వచ్చి, "అన్నా, కొసకు మేకు కొట్టివ్వు" అన్నాడు. ఇవ్వను. నా చేత్తో చేసిన కట్టెకు మేకు ఎక్కదు. కుక్కకు నొప్పి పుట్టించడానికి కాదు నేను కూర్చుని ఇంతసేపు నూనె రాసేది. పైగా జంతువును చంపినా, అంగవైకల్యం చేసినా భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు ఉంది. నిద్రపోయే కుక్కను పోతూ పోతూ బాదేవాళ్ళను చూశాను. ఆ దెబ్బ గుర్తుపెట్టుకున్న కుక్క ఆ తర్వాత కట్టె పట్టుకున్న ప్రతివాడినీ పగవాడిగా చూస్తుంది. దాని ఫలితం మాలాంటివాళ్ళ పిక్కల మీద పడుతుంది.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత పాపను చంపేశాక, నడిచి కొండెక్కేవాళ్ళకు టీటీడీ చేతికర్రలు ఇచ్చింది. అప్పుడు జనం చేసిన ఎగతాళి నాకింకా గుర్తుంది. చిరుతను కర్రతో కొడతారా అని. కొట్టడానికి అని ఎవరన్నారు? చేతిలో కర్ర ఉన్న మనిషి నిలబడే తీరు వేరు. పరిగెత్తడు. పరిగెత్తని మనిషి సగం బతికినట్టే. ఇది అడవి పక్క ఊళ్ళవాళ్ళకు, గొర్రెల కాపరులకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వీధికుక్కల విషయంలో టీవీలో మాత్రం ఎప్పుడు చూసినా రెండే గుంపులు, ఉండనివ్వాలనేవాళ్ళు, తీసేయాలనేవాళ్ళు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు అంది. 22న దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టినచోటే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీద పడేవాటినీ తప్ప. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్నవాటిని తీసేయమంది. ప్రతిసారీ ఒక గుంపు పండగ, ఇంకో గుంపు ఏడుపు. నేను ఏ గుంపులోనూ లేను. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరిస్తారు. గేటు గేటుకూ తిరిగేవాణ్ణి, నేను చెవులు చూస్తుంటా. మా వీధుల్లో అలాంటి చెవులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ పని జరిగిన రోజు మాట్లాడుకుందాం, కుక్కలు ఎక్కడుండాలో. ఆ పని జరగనంత కాలం రేపు పొద్దున ఏడింటికి గేటు తీయాల్సింది నేను.

ఇంకో మాట, ఇది ధనుర్మాసం ముగ్గులేసే ఆడవాళ్ళకు. చిత్తకార్తెలో కలిసిన కుక్కలు రెండు నెలలు తిరిగేసరికి ఈనుతాయి. అంటే సరిగ్గా మీరు చీకటితో లేచి ముగ్గు గిన్నె పట్టుకుని వాకిట్లోకొచ్చే రోజులకు మీ ఇంటి పక్క కాలువ తూములో తల్లి కుక్క, కళ్ళు తెరవని పిల్లలు ఉంటాయి. ఏడాదంతా మీరు అన్నం పెట్టిన కుక్కే అయినా ఈనాక మూడు వారాలు దాన్ని నమ్మొద్దు. కట్టె గోడకు ఆనించి పెట్టుకుని ముగ్గేసుకోండి.

ఇళ్ళవాళ్ళను ఒక్కటే అడుగుతా. మీటర్ చూసేవాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు, పోస్ట్‌మ్యాన్, ఆశా కార్యకర్త, వీళ్ళు బెల్లు కొడితే ముందు కుక్కను కట్టేయండి, ఆ తర్వాత గేటు తీయండి. "ఏమీ అనదు" అంటారు, అది మీ దగ్గర చూపించే మర్యాద. మాకు కాదు. మీరు కట్టేసిన చోట నా కట్టె గేటు బయటే ఉంటుంది, అడగక్కర్లేదు.

తొట్టిలో ఇప్పుడు మూడు వెదుర్లు నానుతున్నాయి. ఒకటి మా పేట ఆశా అక్కది. పోయిన వారం ఆవిణ్ణి సందులో కుక్క తరిమితే చెప్పు తెగి బోర్లా పడి మోచెయ్యి కొట్టుకుపోయింది. ఆవిడ పొట్టి మనిషి, కట్టె నాలుగడుగులు చాలు. మిగతా రెండూ ఎవరికీ ఇస్తానని చెప్పలేదు, అవసరమైనవాళ్ళు మెసేజ్ చేయండి. ఆరడానికి నెల పడుతుంది.