జాకెట్లెన్నో మనుషులూ అంతమందే

కార్తీక మాసం వస్తే వనభోజనాలకు సోమశిల, కండలేరు జలాశయాల వైపు బండ్లు కడతారు. మన నెల్లూరు జిల్లాకు అసలు వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే. 78 టీఎంసీలు పట్టే సోమశిల నిండుగా కనిపించేదీ అప్పుడే. భోజనాలయ్యాక ఒడ్డున ఒక పుట్టి, అంటే గుండ్రటి చిన్న పడవ, కనబడుతుంది. "అన్నా, ఒక్క రౌండ్ తిప్పవా?" అని ఎవరో అడుగుతారు.

ఆ పుట్టి చేపల కోసం చేసింది. ఒకరు తెడ్డేస్తే ఇంకొకరు వల లాగాలి, అంతే. అందులో ఏడుగురెక్కి సెల్ఫీ కోసం ఒకేవైపు ఒరిగితే ఏమవుతుంది? పొదలకూరు మండలం తోడేరులో 2023 ఫిబ్రవరిలో సరదాగా పడవెక్కిన కుర్రాళ్లలో ఆరుగురు మళ్లీ ఇంటికి రాలేదు. అది ఊరి చెరువు, ఇంత పెద్ద జలాశయం కూడా కాదు. 2017 నవంబరులో, అదీ ఒక కార్తీక ఆదివారమే, విజయవాడ దగ్గర కృష్ణలో, పవిత్ర సంగమం వద్ద బోల్తాపడిన పడవలో పోయినవాళ్లు ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. ఆ పడవకు అనుమతే లేదు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ 'నీటిలోకి దిగరాదు' అని ఒక బోర్డు వెలుస్తుంది. దాని పక్కనే నిలబడి ఫొటో దిగి, జనం నీళ్లలోకి దిగుతారు. నిషేధం మీద మాకు నమ్మకం లేదు. బయటి కాంట్రాక్టరుకు పడవల ఘాటు అప్పగించి, వలలు అడ్డమని మత్స్యకారులను పక్కకు తోయడం ఇంకా తప్పు. నీళ్లకింద మోడులు ఎక్కడున్నాయో, మధ్యాహ్నం గాలి ఏ వైపు నుంచి లేస్తుందో, గేట్లకు ఎంత దూరంలో ఆగాలో తెలిసింది వాళ్లకే. పడవ తిప్పే అనుమతి వాళ్ల సహకార సంఘాలకే ఇవ్వాలి. షికారు పడవ వేరు, చేపల పుట్టి వేరు. పుట్టిలో జనాన్ని ఎక్కించకూడదు. తెల్లవారుజామున వల తీయడానికి ఒంటరిగా వెళ్లే మనిషికి కూడా లైఫ్ జాకెట్ ఇవ్వాలి. అతని ప్రాణం సంగతి ఎవరూ ఎత్తరు.

జాకెట్లంటే తాడుకు వేలాడే నారింజరంగు అలంకారం కాదు. చాలాచోట్ల వాటి బకిల్ పడదు, పట్టీ తెగి ఉంటుంది. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో జాకెట్ పైకి లేస్తుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. పిల్లల సైజు లేకపోతే పిల్లలను ఎక్కించకూడదు. ఎంత ఏడ్చినా సరే.

ఘాటు దగ్గర ఒక మనిషిని పెట్టాలి. తలలు లెక్కపెట్టి, గాలి లేస్తే పడవ కట్టేయించే అధికారం అతనికి ఇవ్వాలి, వచ్చింది ఎవరి తాలూకా అయినా.