తొమ్మిది సున్నాల మహాపురుషుడు

బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు సైకాలజిస్టును కలవాలని చెప్పగానే మన అభ్యర్థి చేసే మొదటి పని, జవాబుల కీ సంపాదించడం. అది దొరక్కపోవడమంటూ ఉండదు. ఆపరేషన్ అయినవాళ్లలో ఎవరో ఒక పుణ్యాత్ముడు సిద్ధంగా ఉంటాడు. "ఏమడిగినా లేదనే చెప్పు. కోపం లేదు, దిగులు లేదు, మందు లేదు. సంతకం పెట్టి పంపించేస్తారు" అని అభయమిస్తాడు. ఇంత గొప్ప విద్యను ఇంతవరకూ ఎవరూ శాస్త్రీయంగా పరిశీలించలేదు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట చేతికిచ్చేది చాలాచోట్ల డిప్రెషన్ ఉందేమో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం, పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎంత తరచుగా ఉందని అడుగుతుంది. అసలు లేకపోతే 0, దాదాపు రోజూ ఉంటే 3. అన్నీ కలిపి గరిష్ఠం 27. మనవాడు కీ ప్రకారం తొమ్మిదింటికీ సున్నా చుడతాడు. మూడో ప్రశ్న నిద్ర గురించి, నాలుగోది నీరసం గురించి. అదే ఫైలులో రెండు కాగితాల కింద స్లీప్ స్టడీ రిపోర్టు ఉంది. నిద్రలో గంటకు నలభైసార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని అందులో ఉంటుంది. అయినా పొద్దున లేడిపిల్లలా లేచి గంతులేస్తాడన్నమాట! ఐదో ప్రశ్న, ఆకలి మందగించడం లేదా అతిగా తినడం. దానికీ సున్నాయే. ఊబకాయమంటే తిండిపోతుతనమేనని నేననను. జన్యువులున్నాయి, హార్మోన్లున్నాయి, ఏళ్ల తరబడి మింగిన మందులున్నాయి. కానీ "రాత్రిళ్లు చెయ్యి ఆగడం లేదు" అని మొన్న డైటీషియన్‌కు తన నోటితోనే చెప్పాడు, ఆవిడ రాసుకుంది, ఆ కాగితమూ ఈ ఫైలులోనే ఉంది.

కొన్నిచోట్ల ఇంకా పెద్ద పరీక్ష పెడతారు. మనిషి స్వభావాన్నీ మానసిక స్థితినీ కొలిచే ఎంఎంపీఐ-2 అయితే 567 వాక్యాలు, దాని కుదించిన రూపమైతే 338. ఒక్కోదానికి అవుననో కాదనో గుర్తు పెట్టాలి. మన కీ రాసిన పండితుడికి తెలియని సంగతి ఒకటుంది. అందులో ఎల్ స్కేలు అని ఒకటి పెట్టారు. మామూలు మనుషులకుండే చిల్లర తప్పులు కూడా తనకు లేవనేవాళ్లను పట్టుకోవడమే దాని పని. హరిశ్చంద్రుడు వచ్చి రాసినా, పాపం, దొరికిపోతాడు.

ఇక ఇంట్లో రిహార్సల్. బల్లకు అవతల బావమరిది సైకాలజిస్టై కూర్చుంటాడు. చేతిలో నలభై ప్రశ్నలు, నలభై జవాబులు.

"ఒత్తిడిగా ఉన్నప్పుడు ఏం చేస్తారండీ?"

"దీర్ఘంగా ఊపిరి తీసుకుని, నడకకు వెళ్తాను సార్."

"వాన పడుతుంటే?"

అభ్యర్థి కాగితం కోసం మెడ చాస్తాడు. "వాన సంగతి అందులో లేదు కదరా?"

"అడిగితే ఏం చేస్తావు బావా? ధ్యానం అని చెప్పు."

"ధ్యానం పదిహేడోదానికి జవాబు."

వంటింట్లోంచి ఇల్లాలు. "మోకాళ్ల నొప్పులని వీధి చివరిదాకా కూడా నడవరు కదండీ మీరు?"

"నువ్వుండవే!" అని ఒకరు, "నువ్వుండక్కా!" అని ఇంకొకరు.

"ఎవరూ చూడకుండా దాచుకుని తినే అలవాటుందా?"

"ఎన్నడూ లేదు సార్."

మూలన హోంవర్కు రాసుకుంటున్న ఎనిమిదేళ్ల పాప తలెత్తకుండానే అడుగుతుంది. "మామయ్యా, ఖాళీ ప్యాకెట్లు నాలుగు మడతలు పెట్టి, చెత్తబుట్టలో పాత పేపర్ల అడుగున పెడితే దాన్ని దాచుకోవడం అనరా?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. కాసేపటికి సైకాలజిస్టుగారు పెన్ను తీసి, పరీక్ష రోజున పాపను ఎక్కడ దింపాలో కాగితం చివర రాసుకుంటారు.

అసలు సైకాలజిస్టుకు కావలసింది ఆ నాలుగు మడతలే. గంటా రెండు గంటల్లోపు మామూలుగా ఎవరూ తిననంత తినేయడం, మధ్యలో ఆపుదామన్నా చెయ్యి మాట వినకపోవడం, తర్వాత తన మీద తనకే అసహ్యం. ఇది వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు సాగితే దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరుంది. 2013లో మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథమైన డీఎస్ఎం-5 దానికి విడిగా చోటిచ్చింది. ఈ జబ్బు ఉందని చెప్పినంత మాత్రాన ఎవరూ తలుపు మూసెయ్యరు. ముందు కొన్ని వారాలు కౌన్సెలింగ్ చేసి, చెయ్యి కాస్త అదుపులోకి వచ్చాక ఆపరేషన్‌కు పంపుతారు. దాచేస్తేనే చిక్కు. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో పొట్ట 75 నుంచి 80 శాతం దాకా తీసేస్తారు కానీ చేతిని ఎవరూ కొయ్యరు. ఒకేసారి పట్టదు కనుక రోజంతా కొంచెం కొంచెం నోట్లో వేసుకోవడం మొదలవుతుంది. మెత్తనివీ తియ్యటి ద్రవాలూ చిన్న పొట్టలోంచి ఇట్టే జారిపోతాయి. రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి తూకం ముల్లు మళ్లీ కదులుతుంది. అప్పుడు తిట్టు సర్జన్‌కు.

నిజంగా సిద్ధపడాలనుకుంటే పనేమీ లేకపోలేదు. ఏ వయసులో ఎంత బరువున్నారు, ఏ డైట్ ఎన్ని నెలలు చేశారు, ఎన్ని కిలోలు తగ్గి ఎన్ని తిరిగొచ్చాయి, ఇవి ఒక కాగితం మీద. రెండు వారాల తిండి డైరీ. టైము, ఎక్కడ, ఒంటరిగానా నలుగురిలోనా, అప్పుడు నిజంగా ఆకలేనా. అందులో చెడ్డ రోజులే విలువైనవి, చించెయ్యకండి. ఆపరేషన్‌లో ఏం కోస్తారో ఏం మిగులుతుందో సొంత మాటల్లో చెప్పగలగాలి. విటమిన్లు జీవితాంతం వేసుకోవాలని, తింటూ నీళ్లు తాగకూడదని, తిన్నాక అరగంట ఆగాలని తెలిసి ఉండాలి. లెక్క కూడా తెలియాలి. చాలామందికి మొదటి ఏడాది రెండేళ్లలో తగ్గేది మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం. అంటే 120 కిలోల మనిషి 84, 90 మధ్య ఆగుతాడు. అరవైకి దిగి పెళ్లినాటి చొక్కా వేసుకుంటానని చెబితే సైకాలజిస్టు పెన్ను ఆగుతుంది. ఆగడం న్యాయమే.

పూర్తిగా కాదనడం తక్కువ. ఎక్కువగా వినపడేది "కొన్నాళ్లాగి రండి" అనే మాట. అదుపులో లేని సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించి, వినిపించే జబ్బు), వదలని తాగుడు, వైద్యం అందని తీవ్రమైన డిప్రెషన్ ఉన్నప్పుడు ఆపుతారు. తాగుడు సంగతి ఎందుకడుగుతారంటే, బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్న సంచిలా చేసి కింది పేగుకు కలిపే ఆపరేషన్) తర్వాత మద్యం రక్తంలోకి వేగంగా ఎక్కుతుంది, మునుపటి ఒక గ్లాసు ఇప్పటి ఒక గ్లాసు కాదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. కీలో ఇంకో సలహా ఉంది. "డిప్రెషన్ మాత్రలు వాడుతున్నట్టు తెలిస్తే ఆపరేషన్ ఆపేస్తారు. వారం ముందు మానెయ్. లిస్టులో రాయకు." ఈ మాట చెప్పినవాడెవడో గానీ, వాడి నోట్లో మట్టి పడ! వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే తల తిరుగుతుంది, బుర్రలో కరెంటు షాక్ కొట్టినట్టుంటుంది, ఏడుపు తన్నుకొస్తుంది. మాత్రలు వాడడం నేరం కాదు. కుదురుగా వాడుతున్నవాడిని చూస్తే సైకాలజిస్టుకు ధైర్యం. పైగా బైపాస్ తర్వాత నెమ్మదిగా కరిగే మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు, రకం మార్చాలి. మనసు ఒకసారి ఉప్పొంగి ఒకసారి కుంగే జబ్బుకు లిథియం వాడేవాళ్లకైతే ఆపరేషన్ తర్వాత నీళ్లు తక్కువై రక్తంలో మోతాదు విషమయ్యేదాకా పెరగవచ్చు, వెంటవెంటనే పరీక్షలు చెయ్యాలి. లిస్టులో లేని మాత్రకు ఎవడు పరీక్ష చేస్తాడు? ఆ పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. ఆపరేషన్ తర్వాత కొందరిలో ఆ ఆలోచన పెరుగుతుందని తెలిసే అడుగుతారు. దానికీ సున్నా చుట్టమని నేర్పుతారా? పుట్టినప్పటినుంచీ "నోరు కట్టుకోలేవా" అని పదిమందితో అనిపించుకున్న మనిషి అసలే సిగ్గుతో చితికిపోయి వస్తాడు. మొదటిసారి తప్పుపట్టకుండా వినే మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆ గంట కూడా వాడికి దక్కకుండా చేస్తారా మీరు?

సరే, పరీక్ష రోజు. పాపను అమ్మమ్మగారింట్లో దింపారు. లోపల సైకాలజిస్టు తొమ్మిది సున్నాలూ చూసింది, స్లీప్ రిపోర్టు చూసింది, రెండూ పక్కన పెట్టింది.

"నిన్న రాత్రి ఏం తిన్నారండీ?"

నలభైలో ఇది లేదు. అభ్యర్థి మెల్లగా తల తిప్పి తలుపు వైపు చూస్తాడు. బయట కుర్చీలో బావమరిది కాగితం మడత పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు మడతలు.